వానలో వదిలేసిన మనిషి

అనకాపల్లి,
జూన్ 20

ఒసే షైనీ,

కవరు మీద మఠంలో నీకు పెట్టిన పేరు రాశాను గానీ లోపల రాయను. బళ్లో నా జడ పట్టుకుని లాగినదాన్ని సిస్టర్ అని పిలవడానికి నాకు నోరు రాదు. ఉత్తరాలు ముందు మీ మదర్ విప్పి చూస్తుందన్నావు. చూడనీ, ఆవిడకు తెలుగు రాదు కదా.

అసలు విషయానికి వస్తాను. మీ నాన్నగారి పేరు మీద కట్టే స్మారక భవనానికి ప్లాను గీసే పని నాకే వచ్చింది. కింద సినిమాలు చూపించే హాలు, పక్కన పిల్లలు నాటకం, పాట నేర్చుకునే గదులు, మేడ మీద ఆయన కెమెరాలు. దేవరాపల్లి వెళ్లే దారిలో మీ స్థలంలోనే, అంటే 'తీగపాకం' సినిమా తీసేటప్పుడు ఆయన ఊరి సెట్టింగు వేయించిన చోటే కడుతున్నారు. కమిటీకి అధ్యక్షుడు బెల్లం మార్కెట్ నానాజీ గారు. మంచివాడే గానీ ఆయన ఉత్సాహం పెనం దాటి పొయ్యిలో పడే రకం. గేటు దగ్గర మీ నాన్నగారి బంగారు రంగు విగ్రహం, చేతిలో మైకు, కాళ్ల దగ్గర ఫౌంటెన్ కావాలన్నారు. జాన్ బాబు గారు జీవితంలో మైకు పట్టుకుని అరవలేదండీ, నటుల చెవిలో చెప్పేవారు అన్నాను. "సెవిలో సెప్పినట్టు బొమ్మ సేత్తే సూసేవోళ్లకి ఏటి తెలుత్తాదమ్మా?" అన్నారు. 

చిక్కల్లా ఇంకోటి. ఆ సినిమా చివర్లో వచ్చే అమ్మవారి విగ్రహం నీకు గుర్తుందా? కడుపుతో ఉన్న ఆడమనిషిలా, ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకుని నిలబడి ఉంటుంది. షూటింగు కోసం ప్లాస్టర్‌తో చేసినది. సెట్టింగంతా పీకేశాక అదొక్కటీ అక్కడే ఉండిపోయింది, ఊరివాళ్లు పూజలు మొదలుపెట్టారు. ఇప్పుడు దాని మీద రేకుల పందిరి, ముందు గంట, మంగళవారం కోళ్లు. చూలాలు కనక సూలింతమ్మ అని పేరు పెట్టుకున్నారు. అది సినిమా సామాను, మా భవనం నడి హాల్లో ఉండాల్సిందే అంటుంది కమిటీ. కదిపితే ఊరుకోం అంటుంది ఊరు.

మీ నాన్నగారు పోయాక నువ్వు మఠం నుంచే స్థలం ట్రస్టుకు రాసిచ్చి, విగ్రహం సంగతి మాత్రం నిన్నడక్కుండా ఏదీ చెయ్యొద్దన్నావట. ఎందుకన్నావో నాకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, ఏం చెయ్యమంటావు?

నీ
భవాని


కూనూరు,
జూలై 11

భవానీ,

నీ ఉత్తరం భోజనాల తర్వాత చదువుకున్నాను. మాకు రోజూ ఆ కాసేపే మాట్లాడుకునే వీలు. ఉత్తరంలో ఫౌంటెన్ మాట వచ్చిన చోట నేను పైకే నవ్వితే పక్కనున్న సిస్టర్ ఏమైందని అడిగింది. నానాజీ గారిని ఇంగ్లీషులోకి మార్చడం నా వల్ల కాలేదు.

మేము గోడ దాటి బయటికి రాకూడదని నీకు తెలుసు. ఫోను లేదు. నాన్న స్మారకాన్ని నేను చూడగలిగేది నీ ఉత్తరాల్లోనే, కాబట్టి బద్ధకించకుండా రాయి.

విగ్రహాన్ని లోపలికి తెప్పించు. గాజు పెట్టెలో పెట్టించు. దీపం, పసుపు, కోడి, ఏదీ దాని దగ్గరికి రాకూడదు. ఇది సినిమా కోసం చేసిన బొమ్మ అని పక్కన పెద్ద అక్షరాలతో రాయించు.

కారణం నీ ఒక్కదానికే చెబుతున్నాను. ఆ మొహం మా అమ్మది. దేవత వేషం వెయ్యాల్సిన నటి రాకపోతే అమ్మనే నిలబెట్టి బొమ్మ చేశారు. అమ్మ పోయేసరికి నేను చిన్నపిల్లని. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో ఆసుపత్రిలో తీసినది, అందులో అమ్మ బుగ్గలు లేవు. నాకు గుర్తున్నదల్లా ఆమె ఎడమచేతి చిటికెన వేలు. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగిందట, వంగేది కాదు. నాకు జడ వేసేటప్పుడు అది వచ్చి చెవికి తగిలేది. సినిమాలో చూద్దామంటే ఆ మొహం దూరంగా, సాంబ్రాణి పొగలో, సరిగా కనబడదు. చెయ్యి మాత్రం ఒకసారి దగ్గరగా చూపించాడు నాన్న.

నువ్వు వెళ్లి ఆ మొహం చూసి, ఎలా ఉందో రాయి. ఫొటో తీసి పంపు. నానాజీ గారి చెవిన మాత్రం వెయ్యకు.

షైనీ


అనకాపల్లి,
ఆగస్టు 9

షైనీ,

ఫొటో పంపడం లేదు. మొహం నిండా పసుపు, దాని మీద వెండి కళ్లు. తీసినా పసుపు ముద్ద తప్ప ఇంకేమీ తెలియదు.

గుడి చూసుకునేది సింహాచలం అనే ముసలావిడ. చెరుకు తోటల్లో ఆకు వలిచి వలిచి చేతులు గరుకుతేలి ఉన్నాయి. నేను టేపు తీసి పందిరి కొలుస్తుంటే వెనక నుంచి వచ్చి, "ఏటి పాపా, కొలతలు తీత్తన్నావు? అమ్మోరికి జాకెట్టు కుడతావేటి?" అంది. సంగతి చెప్పాను. నానాజీ గారు ఇదివరకే వచ్చి పాలరాతి హాలు, అద్దాల పెట్టె అని ఊరించి వెళ్లారట. అద్దాల పెట్టెలో పెట్టడానికి అమ్మోరేమైనా మిఠాయా అని అందరి ముందూ అడిగేసిందట ఈవిడ. ఆయన ఆ తర్వాత ఆ ఊరి వైపు వెళ్లలేదు.

మంగళవారం నాడు వెళ్లి కూర్చున్నాను. సబ్బవరం నుంచి కూడా ఆటోలు కట్టించుకుని వస్తున్నారు. అందరూ కడుపు పండాలనో, పండినది నిలవాలనో వచ్చేవాళ్లే. మెడలో సిలువ ఉన్న పిల్ల కూడా ఒకతె వచ్చింది. ఇది నీకు రాయాలా వద్దా అని ఆలోచించే రాస్తున్నాను. మొక్కే పద్ధతి ఒకటుంది. ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, చిటికెన వేలు మాత్రం చాచి ఉంచాలి. ఎందుకలా అంటే అమ్మోరు అలాగే పెట్టుకుంది కనక అన్నారు. అంతమంది ఆడవాళ్లు వరసగా వేలు చాచి నిలబడితే నాకు నీ ఉత్తరం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఎండ కళ్లలో పడిందని చెప్పుకున్నాను.

నేనొకటి అడుగుతాను, కోప్పడకు. విగ్రహాన్ని కదపకుండా ప్లాను మార్చడం నాకు చేతనవును. నడి హాలు చిన్నది చేసి, ప్రహరీగోడ వంపు తిప్పితే గుడి బయటే ఉండిపోతుంది. నువ్వు ఊఁ అంటే చాలు.

భవాని


కూనూరు,
సెప్టెంబరు 3

భవానీ,

మొహం గురించి అడిగితే జాకెట్టు గురించి రాశావు. బళ్లో కూడా నువ్వింతే, అడిగిన ప్రశ్న వదిలేసి తెలిసిన జవాబు రాసేదానివి.

చిటికెన వేలు సంగతి చదివాను. అమ్మకు నొప్పి చేసిన వేలది. దాన్ని పట్టుకుని మొక్కుతున్నారు.

ఇక దాచను. గాజు పెట్టె నాకక్కర్లేదు. లోపలికి తెచ్చాక, పని జరిగే రోజుల్లోనే తలుపులు వేసి దాన్ని పగలగొట్టించు. కూలీల చేతిలో జారి పడిందని కమిటీకి చెప్పు.

అమ్మకు దానికి నిలబడటం ఇష్టం లేదు. ఆర్ట్ డైరెక్టరు తొందరపెట్టాడు, నాన్న బతిమాలాడు. షూటింగు అయిన మర్నాడే పగలగొడతానని నాన్న దగ్గర మాట తీసుకుని నిలబడింది. రోజూ మరియమాత ముందు మోకరించే మనిషి, తన మొహానికి ఇంకొకరు మోకరిస్తే ఎలా ఓర్చుకుంటుంది? నాన్న మాట మరిచి మద్రాసు పరుగెత్తాడు. పూజలు మొదలయ్యాయని తెలిశాక అమ్మ ఆ దారిన బస్సెక్కడం మానేసింది. ఆసుపత్రిలో కూడా పగలగొట్టమనే అడిగింది. తర్వాత నాన్న ఆ స్థలం కొన్నాడు. పగలగొట్టడానికి కొన్నాడో, కాపాడటానికి కొన్నాడో నాకిప్పటికీ తెలియదు. చనిపోయే ముందు ఇక్కడికి వచ్చి, చూడవచ్చినవాళ్లకూ మాకూ మధ్య ఉండే జాలీకి అవతల కూర్చుని, "నా వల్ల కాలేదమ్మా, నువ్వు చూడు" అన్నాడు. జాలీకి ఇవతల ఉన్నదాన్ని నేనేం చూడను? నాకు నువ్వు తప్ప చేతులు లేవు.

అమ్మ అడిగింది ఆ ఒక్కటే. చేసిపెట్టు.

షైనీ


అనకాపల్లి,
అక్టోబరు 14

షైనీ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాసి చించేశాను. అందులో తిట్లు తప్ప ఏమీ లేవు. కొన్ని ఇప్పుడూ రాస్తాను, పడు. నువ్వు గోడ వెనక కూర్చుని పగలగొట్టించు అని ఒక్క మాట రాశావు. తలుపులు వెయ్యాల్సింది నేను, అబద్ధం చెప్పాల్సింది నేను. ఆ తర్వాత ఈ ఊళ్లో తిరగాల్సిందీ నేనే. చిన్నప్పుడు దొంగతనంగా జామకాయలు కోయించినట్టు అనుకున్నావా?

సరే. ఇక నేను దాచినది. ఆ బొమ్మ లేదు.

హుద్‌హుద్ తుఫానుకి పందిరి ఎగిరిపోయి, రాత్రంతా వానకు నాని ముక్కలైపోయింది. ఊళ్లో అందరికీ తెలుసు, మనకే తెలియదు. ఆ ముక్కలన్నీ ఏరి, కొత్త చీరలో మూటకట్టి, గాజులు, పసుపు కుంకుమ పెట్టి శారదా నదిలో కలిపారట. ఆ రోజు ఊళ్లో పొయ్యి వెలిగించలేదట. తర్వాత సింహాచలం ఇంట్లో టీవీలో మీ నాన్నగారి సినిమా పెట్టి, ఆపి ఆపి చూపించి శిల్పితో రాతిలో చేయించారు. మొహం పొగలో తెలియలేదు కాబట్టి శిల్పి తనకు వచ్చిన అమ్మవారి మొహమే చెక్కాడు. పెద్ద కళ్లు, కోర మీసంలా కనుబొమలు. అది ఎవరి మొహమూ కాదు. చెయ్యి మాత్రం సినిమాలో దగ్గరగా కనబడింది కదా, ఉన్నదున్నట్టు దింపాడు. ఆ వేలు కూడా.

ఇదంతా నాకు మొదటిసారి వెళ్లినప్పుడే తెలుసు. అభిషేకానికి పసుపు కడుగుతుంటే చూశాను. కమిటీకి చెబితే నడి హాలు ఎగిరిపోయి ఆ చోట ఫౌంటెన్ వచ్చి కూర్చుంటుందని భయపడ్డాను. అంతకంటే, మీ అమ్మ మొహం ఇక లేదని నీకు రాయడానికి చెయ్యి రాలేదు.

ఇంకొకటి విను. మొదట్లో పూజ ఎలా మొదలైందని సింహాచలాన్ని అడిగాను. ఏదో మహిమ చెబుతుందనుకున్నాను. ఆవిడ చెప్పింది ఇదే.

"సినిమావోళ్లు బళ్లెక్కి ఎలిపోయేరు పాపా. జోరు వాన. సూత్తే కడుపుతో ఉన్న మనిసిని వానలో ఒగ్గేసేరు. బొమ్మని తెలుసు నాకు. తెలిసినా కాళ్లాడనేదు. నా సీర అట్టుకెళ్లి కప్పేను."

అప్పటికి ఆవిడకు కడుపు నిలవడం లేదట. ఆ యేడు నిలిచింది. మిగతాది ఊరు చేసుకుంది.

మీ అమ్మ కోరిన పని వానే చేసింది, మిగిలినదాన్ని ఊరు ఏడ్చుకుంటూ సాగనంపింది. ఇక నన్ను దేన్ని పగలగొట్టమంటావు? ఆ రాతినా? చెప్పు. నువ్వు చెయ్యమన్నా నేను చెయ్యను, అది కూడా తెలుసుకో.

భవాని


కూనూరు,
నవంబరు 6

భవానీ,

నీ మీద కోపం ఉంది. రాద్దామని కూర్చుంటే అది రావడం లేదు, వేరేవి వస్తున్నాయి.

అమ్మ ఆ బొమ్మకు నిలబడినప్పుడు నిజంగానే కడుపుతో ఉంది. ఆ కడుపులో ఉన్నది నేను. ఇది నాన్న నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. అమ్మ మాటా, ఆ ముసలావిడ చీరా రెండూ ఒక్కసారే గుర్తొస్తున్నాయి. కొన్నాళ్లు నాకు రాయకు.

షైనీ


అనకాపల్లి,
మార్చి 18

షైనీ,

రాయొద్దన్నావు. ఇన్ని నెలలు ఊరుకున్నాను, నా స్వభావానికి అదే గొప్ప. మీకిప్పుడు ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం కదా, ఈ ఉత్తరం కూడా అందులో వేసుకో.

నువ్వు ఏమీ చెప్పకపోయినా ప్రహరీగోడ వంపు తిప్పేశాను. అసలు బొమ్మ లేదన్న సంగతి కమిటీకి చెప్పేశాను. మూల తెగిన స్థలం అరిష్టమని నానాజీ గారు వాస్తు పండితుణ్ణి తెచ్చారు. ఆ పండితుడి కోడలు సూలింతమ్మకు మొక్కుకున్న మనిషేనట, ఆయన చూసి గోడ బాగానే ఉందన్నాడు. నానాజీ గారు అన్నం సరిగా తినడం లేదని విన్నాను. నడి హాలు మాత్రం ఏం చెయ్యాలో తోచక అలాగే ఉంది.

నిన్న సింహాచలం ఒక్కతే ఆటో ఎక్కి మా ఆఫీసుకు వచ్చింది. మంచినీళ్లు తాగి, గోడ తిప్పినందుకు సంతోషమని చెప్పి, కదలకుండా కూర్చుంది. ఇంకేమైనా పనుందా అంటే అప్పుడు బయటపెట్టింది. మనవైపు అమ్మవారికి అత్తిల్లూ పుట్టిల్లూ ఉంటాయి కదా, పండగలో ఘటాన్ని పుట్టింటికి తీసుకెళ్లి తెస్తారు కదా. సూలింతమ్మకు ఇన్నాళ్లూ ఆ ముచ్చట లేదట.

"మా ఊరు అత్తోరిల్లు. పుట్టింది సినిమావోళ్ల సేతుల్లోన. కడుపుతో ఉన్న పిల్ల, పుట్టింటికి ఎల్లొద్దా? ఇన్నేళ్లూ ఇల్లు నేదు గనక ఊరుకున్నాం. ఇపుడు కడతన్నారు గదా. వైశాకంలో పండక్కి ఘటం అట్టుకొత్తాం. సలిమిడి పెట్టి, రవికెగుడ్డ పెట్టి పంపండి, సాలు."

ఆ ఇంటివాళ్లను అడగాలన్నాను. జాన్ బాబు కూతురు ఒకతె ఉందట కదా, ఎక్కడుంది అంది. దేవుడి పనిలో ఉంది, బయటికి రాదు అన్నాను. రానక్కర్లేదు, పుట్టింటివాళ్లు మాట పంపితే అదే వచ్చినట్టు అంది.

మొహం ఎవరిదో నేను చెప్పలేదు. చెబితే ఆవిడకేమవుతుందో నాకు తెలియదు, నీకేమవుతుందో బాగా తెలుసు. నిన్ను తొందరపెట్టను. వద్దంటే ఏదో ఒకటి చెప్పి నేనే ఒప్పిస్తాను.

భవాని


కూనూరు,
ఏప్రిల్ 24

భవానీ,

ఈస్టరు వెళ్లాక రాస్తున్నాను. నీ ఉత్తరం పట్టుకుని మదర్ దగ్గరికి వెళ్లి మొదటి నుంచీ అంతా చెప్పాను. పుట్టిల్లు అనే మాట దగ్గర ఇంగ్లీషు ఆగిపోయింది. ఎలాగో విడమరిస్తే, ఆవిడ తాయ్ వీడు అంది. తమిళంలో తల్లి ఇల్లు అంటారట. 

ఇది నీకెప్పుడూ చెప్పలేదు. అమ్మ వాళ్లు కేథలిక్కులు, నాన్న వాళ్లు ప్రొటెస్టెంట్లు. వేరే చర్చివాణ్ణి, అందులోనూ సినిమావాణ్ణి చేసుకుందని అమ్మను పుట్టింటివాళ్లు గుమ్మం ఎక్కనివ్వలేదు. నేను కడుపున పడితే గాజులు తొడిగినవాళ్లు లేరు, చలిమిడి పెట్టినవాళ్లు లేరు. తీసుకెళ్లేవాళ్లు లేక, ఆ స్థితిలో నాన్న వెంట షూటింగుకి వచ్చింది. అందుకే ఆ రోజు అక్కడ ఉంది. అందుకే బొమ్మకు నిలబెట్టడానికి చేతికి దొరికింది.

అమ్మ మాట నేను నిలబెట్టలేదు. దండాలు ఆగవని నాకు తెలుసు. ఆ బాధ నాకుంటుంది, పోగొట్టమని దేవుణ్ణి అడగబోవడం లేదు. కానీ పుట్టింటికి వచ్చిన మనిషిని లోపలికి రావద్దనడం నా వల్ల కాదు. అమ్మకు ఒకసారి జరిగింది చాలు.

రమ్మను.

నడి హాల్లో ఏమీ పెట్టకు. ఆ రోజుకు అది వాళ్లది, మిగతా రోజులు పిల్లలు పాటలు నేర్చుకుంటారు. తలుపు ఎత్తుగా పెట్టు, ఘటం నెత్తిన ఉన్న మనిషి తల వంచకుండా రావాలి. ముందు వసారా లోతుగా వెయ్యి. వాన వస్తే ఎవరైనా సరే, అడక్కుండా వచ్చి నిలబడేలా ఉండాలి. ఫౌంటెన్ వద్దని నానాజీ గారికి నా మాటగా చెప్పు. బంగారు రంగు విగ్రహం పెట్టుకోనీ పాపం, అన్నం తింటాడు.

మాకు సొంతమంటూ ఏదీ ఉండదు. పూజపీఠానికి కుట్టగా మిగిలిన ఆకుపచ్చ గుడ్డ మదర్ ఇచ్చింది. అంచు కుట్టి దీనితో పంపుతున్నాను, రవికెకు సరిపోతుంది. మన అనకాపల్లి బెల్లంతో చలిమిడి చేయించి దీంతో పాటు పెట్టు. అమ్మోరికని ఇవ్వకు. కడుపుతో ఉన్న మనిషికి పుట్టింటివాళ్లు పంపారని చెప్పి సింహాచలం చేతికివ్వు. మొహం సంగతి ఆవిడకు తెలియనక్కర్లేదు. అప్పుడు కూడా ఆవిడ మొహం చూసి చీర కప్పలేదు కదా.

ఇక నీకొక్క పని. పండగ తర్వాత వచ్చే మంగళవారం జనం పల్చబడ్డాక ఆ రాయి దగ్గరికి వెళ్లు. దండం పెట్టొద్దు. ఆ చేతి మీద నీ చెయ్యి పెట్టు, చిటికెన వేలి మీద వేలు ఆనేలా. దాని కింద ఉన్నది నేనే కదా. బాగానే ఉన్నానని మా అమ్మకు చెప్పు.

షైనీ